చావింట తగవు: ముందు మట్టి, తర్వాతే ఆస్తి

చిప్పగిరి: ఇంట్లో పెద్దదిక్కు పోతే ఆ వాకిటికి ఊరంతా చేరుతుంది. పాడె కట్టేవారు పాడె కడతారు, గుంత తీసేవారు పారలు తీసుకొని శ్మశానానికి పోతారు. కాని ఒక్కొక్క ఇంట పని అక్కడితో ఆగిపోతుంది. కాల్చాలా, పూడ్చాలా అన్న మాట పుడుతుంది. కొరివి ఎవరు పెట్టాలి, ఏ ఊళ్ళో మట్టి చేయాలి, దినాల ఖర్చు ఎవరు భరించాలి అని అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, దాయాదులు రెండు పక్షాలవుతారు. శవం వాకిట్లో ఉండగానే పొలం, ఇల్లు, బంగారం మాట బయటికి వస్తుంది. పొద్దు వాలుతున్నా పీనుగ లేవదు.

భూమి తగాదా పదేళ్ళు కోర్టులో నలిగినా భూమి చెడిపోదు. శవం అట్లా కాదు. వాయిదా వేయడానికి వీలులేని తగవు ఇదొక్కటే. పోలీసు ఠాణాకు పోయినా, కోర్టుకు పోయినా, చివరికి ఆ కుటుంబమే ఒక మాట మీదికి రావలసి ఉంటుంది. అందుకే ఇటువంటి తగవులలో ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి మాట్లాడించే మధ్యవర్తి అవసరం మిగిలిన అన్ని తగవులకన్నా ఎక్కువ.

రెండు ఆచారాల సీమ

ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు బళ్ళారి జిల్లాలో ఉండేవి. ఆనాడే ఇవి కర్నూలు జిల్లాలో కలిశాయి. ఈ పక్క గ్రామాల వియ్యాలు నేటికీ బళ్ళారి, రాయచూరు జిల్లాల దాకా సాగుతున్నాయి. అందువల్ల ఒకే ఊళ్ళో, ఒక్కొక్కప్పుడు ఒకే చుట్టరికంలో రెండు మూడు రకాల ఆచారాలు కనిపిస్తాయి.

లింగాయతులు శవాన్ని కూర్చున్న భంగిమలో విభూతితో సమాధి చేస్తారు. బ్రాహ్మణులు, వైశ్యులు దహనం చేస్తారు. ముస్లింలు, క్రైస్తవులు ఖననం చేస్తారు. మిగిలిన కులాలలో మట్టి చేసే ఇళ్ళే ఎక్కువైనా, కాల్చే ఆనవాయితీ గల ఇళ్ళూ ఉన్నాయి. పెళ్ళికాని పిల్లలను పూడ్చి, పెద్దలను కాల్చే ఇళ్ళు కూడా ఉన్నాయి.

మరణించిన వారిని తలుచుకోవడం ఈ సీమకు కొత్త కాదు. చిప్పగిరిలో 1755లో కన్నుమూసిన హరిదాసు విజయదాసుల కట్టకు కర్ణాటక నుంచి కూడా భక్తులు వస్తారు. కార్తీక శుద్ధ దశమినాడు ఆయన ఆరాధన. పక్కనే మంత్రాలయంలో 1671లో రాఘవేంద్రస్వామి బృందావన ప్రవేశం చేశారు. మాధ్వ గృహస్థులకు దహనం, యతులకు బృందావనం ఆచారం. ఒక్క మతంలోనే రెండు పద్ధతులూ ఇమిడి ఉన్నాయనడానికి ఇంతకంటె దగ్గరి సాక్ష్యం అక్కరలేదు. కాల్చడం గొప్పదనీ, పూడ్చడం తక్కువదనీ వాదించుకోవడంలో అర్థం లేదు.

తగవు పుట్టే చోట్లు

సాధారణంగా అయిదు సందర్భాలలో ఈ తగవులు పుడుతుంటాయి.

ఒకటి, ఇద్దరు భార్యల సంతానం. పెద్దభార్య కొడుకు వేరే ఊళ్ళో ఉంటాడు. ముసలితనంలో తండ్రికి నీళ్ళు పోసింది చిన్నభార్య కొడుకు. కొరివి దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ హక్కు చెబుతారు.

రెండు, ఆడపిల్లలు మాత్రమే ఉన్న ఇల్లు. కూతురు తానే కొరివి పెడతానంటుంది. చిన్నాయన కొడుకులు అది తమ వంశానికి చెందిన పని అంటారు. ఆ మాట వెనుక ఎకరా రెండెకరాల భూమి ఉంటుంది.

మూడు, మతం మారిన వారు. తండ్రి ప్రార్థనకు పోయేవాడు, పెద్దకొడుకు పోడు. లేదా కొడుకు క్రైస్తవం తీసుకున్నాడు, తల్లి చివరిదాకా ఇంటి దేవరనే కొలిచింది. ఎవరి పద్ధతిలో సాగనంపాలన్నది ప్రశ్న.

నాలుగు, చోటు. చనిపోయిన కోడలిని అత్తగారి ఊళ్ళోనా, పుట్టింటి ఊళ్ళోనా అన్నది ఒకటి. సొంత పొలంలో మట్టి చేయాలని ఒక కొడుకు, ఆ పొలం రేపు తన భాగానికి వస్తుంది కనుక వద్దని ఇంకొక కొడుకు అనడం మరొకటి.

అయిదు, వలస. ఈ ప్రాంతం నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు సుగ్గికి గుంటూరు వైపు మిరప కోతలకు, బెంగుళూరు కట్టడం పనులకు పోతాయి. ఇంటి దగ్గర ముసలివారు పోతే కొడుకు రావడానికి ఒక రాత్రి, ఒక పగలు పడుతుంది. ఎండాకాలమైతే ఆగడం కష్టం. ఆగకుండా మట్టి చేస్తే, చివరిచూపు దక్కనీయలేదన్న కోపం జీవితాంతం మిగులుతుంది.

వార్తలకెక్కిన సంఘటనలు

ఇవి ఒక్క ఈ జిల్లాకు పరిమితమైన తగవులు కావు. 2024లో తెలంగాణలోని సూర్యాపేట జిల్లాలో ఒక వృద్ధురాలు మరణిస్తే, ఆమె దాచుకున్న నగదు, బంగారం పంపకం తేలేవరకు కన్నబిడ్డలు అంత్యక్రియలు జరపలేదు. పెద్దమనుషులు కూర్చుని వాటాలు తేల్చిన తర్వాతనే శవం కదిలింది.

2025 ఫిబ్రవరిలో మధ్యప్రదేశ్‌లోని టీకంగఢ్ జిల్లాలో ఇంకా దారుణమైన మాట వినవలసి వచ్చింది. తండ్రికి కొరివి ఎవరు పెట్టాలని అన్నదమ్ములు పంతానికి పోగా, శవాన్ని రెండు ముక్కలు చేసి ఒక ముక్క తనకిమ్మని ఒక కొడుకు అడిగాడు. గంటల తరబడి గొడవ జరిగిన తర్వాత పోలీసులు వచ్చి నచ్చజెప్పవలసి వచ్చింది.

కోర్టుకు పోతే ఎంతకాలం పడుతుందో కేరళ ఉదంతం చెబుతుంది. అక్కడి మార్క్సిస్టు నాయకుడు ఎం.ఎం. లారెన్స్ 2024 సెప్టెంబరు 21న 95వ ఏట మరణించారు. వైద్య విద్యార్థుల చదువుకు తన దేహాన్ని ఇవ్వాలని తండ్రి ఇద్దరు సాక్షుల ఎదుట చెప్పారన్నది కొడుకు వాదన. క్రైస్తవ పద్ధతిలో పూడ్చాలన్నది కూతుళ్ళ వాదన. హైకోర్టులో మొదట కొడుకు పక్షాన తీర్పు వచ్చింది. అప్పీలులో న్యాయమూర్తులు, ఇది ఇంటి తగవు కనుక మధ్యవర్తి ద్వారా తేల్చుకోవడం మేలని భావించి ఆ అవకాశం కల్పించారు. అప్పటికే పక్షాలు బిగుసుకొని ఉన్నాయి, రాజీ కుదరలేదు. డిసెంబరులో అప్పీలు కొట్టివేశారు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. దాదాపు నాలుగు నెలలు ఆ దేహం ఆస్పత్రిలోనే ఉండిపోయింది.

ఛత్తీస్‌గఢ్ బస్తర్ జిల్లాలో 2025 జనవరి 7న ఒక పాస్టరు మరణించారు. ఊరి శ్మశానంలో పూడ్చడానికి గ్రామస్థులు ఒప్పుకోలేదు. సొంత పొలంలోనైనా పూడ్చనివ్వాలని కొడుకు సుప్రీంకోర్టు దాకా పోయాడు. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు చెరొక అభిప్రాయం చెప్పారు. అయినా శవాన్ని ఇంకా ఉంచరాదని, 20, 25 కిలోమీటర్ల దూరంలోని క్రైస్తవ శ్మశానంలో ఖననం చేయాలని కలిసి ఆదేశించారు. ఇరవై రోజులు ఆ తండ్రి మార్చురీలో ఉన్నాడు. దేశంలోని అత్యున్నత న్యాయస్థానంలోనే ఇద్దరు న్యాయమూర్తులకు ఏకాభిప్రాయం కుదరని విషయం, రచ్చకట్ట మీద ఒక పూటలో కుదరాలంటే ఎంత ఓర్పు కావాలో ఊహించవచ్చు.

కొరివి పెడితే ఆస్తి రాదు

ఈ తగవులలో చాలా వాటికి మూలం ఒక పాత నమ్మకం. కొరివి పెట్టినవాడిదే ఆస్తి అని ఊళ్ళలో అనుకుంటారు. కొన్ని పాత ధర్మశాస్త్ర గ్రంథాలు పిండం పెట్టే అధికారానికీ, వారసత్వానికీ ముడి వేసిన మాట నిజమే. ఆ ముడిని 1956 నాటి హిందూ వారసత్వ చట్టం విప్పేసింది. వీలునామా లేకుండా పోయిన మగమనిషి స్వార్జితంలో భార్య, కొడుకులు, కూతుళ్ళు, తల్లి సమాన భాగస్థులు. 2005లో చేసిన సవరణతో పిత్రార్జితంలోనూ కూతురికి కొడుకుతో సమానమైన హక్కు వచ్చింది. చట్టప్రకారం చెల్లని రెండవ వివాహం వల్ల కలిగిన సంతానానికి కూడా తండ్రి వాటాలో భాగం ఉంటుందని సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరు 1న స్పష్టం చేసింది. ముస్లింలకు, క్రైస్తవులకు వేరే వారసత్వ చట్టాలు ఉన్నాయి. వాటిలోనూ అంత్యక్రియ చేసినవారికే ఆస్తి అన్న నియమం లేదు.

అంటే కుండ మోసినవాడికి ఒక సెంటు ఎక్కువ రాదు, మోయనివాడికి ఒక సెంటు తగ్గదు. ఈ ఒక్క సంగతి ఇరుపక్షాలకూ అర్థమయ్యేలా చెప్పగలిగితే సగం తగవు అక్కడే తీరిపోతుంది. కొరివి కోసం పట్టుబట్టేవాడు నిజంగా తండ్రి మీది మమకారంతో పట్టుబడుతున్నాడా, లేక పాసుపుస్తకం కోసమా అన్నది కూడా తేలిపోతుంది.

ఇదే విధంగా శవం వేలికి సిరా పూసి కాగితాల మీద ముద్ర వేయించడం శుద్ధ మోసం. చనిపోయినవారి ముద్రకు చట్టంలో విలువ లేదు సరికదా, చేసినవారు జైలుకు పోవలసి ఉంటుంది.

శవంపై మొదటి హక్కు ఎవరిదని వరుస కట్టి చెప్పే చట్టం మాత్రం మన దేశంలో లేదు. ఇంగ్లండులో వీలునామాలో పేర్కొన్న కార్యనిర్వాహకుడికి అంత్యక్రియలు జరిపే అధికారం మొదట ఉంటుంది. ఇక్కడ అటువంటి వరుస లేనందునే ఇంటివారి ఒప్పందానికి అంత విలువ.

తీర్పు కాదు, ఒప్పందం

ఊరి పంచాయితీకీ, మధ్యవర్తిత్వానికీ తేడా ఉన్నది. పంచాయితీలో పెద్దమనిషి ఇరువైపులా విని తీర్పు చెబుతాడు, తప్పు వేస్తాడు. మధ్యవర్తి తీర్పు చెప్పడు. ఇరుపక్షాల వారే ఒక ఒప్పందానికి వచ్చేలా దారి చూపుతాడు. కోపంలో ఉన్న మనిషి పైవారి తీర్పుకు తలవంచినా, మనసులో పెట్టుకుంటాడు. తానే ఒప్పుకున్న మాట అయితే నిలబెట్టుకుంటాడు.

మధ్యవర్తిగా ఎవరిని పిలవాలన్నది ముఖ్యం. చనిపోయిన వ్యక్తికి అప్పు ఇచ్చినవాడు, ఆ పొలం కొనాలని చూస్తున్నవాడు పనికిరారు. రెండు పార్టీలుగా చీలిన ఊళ్ళో ఒక పార్టీ పెద్దను పిలిస్తే ఇంటి తగవు ఊరి తగవవుతుంది. ఇరుపక్షాలూ నమ్మే ఉపాధ్యాయుడు, పోస్టుమాస్టరు, పక్క ఊరి వియ్యంకుడు, గుడి పూజారి, జంగమయ్య, పాస్టరు, మసీదు పెద్ద ఎవరైనా కావచ్చు. ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుంటే ఇంకా మంచిది. వారిలో ఒక స్త్రీ ఉండాలి. ఏడుస్తూ లోపలి గదిలో కూర్చున్న భార్య మాట, తల్లి మాట బయట అరుగు మీది మగవారికి వినపడదు. చనిపోయిన మనిషి మనసు అందరికన్నా ఎరిగినది ఆమే.

పార్లమెంటు 2023లో చేసిన మధ్యవర్తిత్వ చట్టం ఊళ్ళలో, కుటుంబాల మధ్య శాంతికి భంగం కలిగించే తగవులకు సామాజిక మధ్యవర్తిత్వం అనే ఏర్పాటును పేర్కొన్నది. ఇరుపక్షాల సమ్మతితో ముగ్గురు మధ్యవర్తులు కూర్చుంటారు. ఆ ఒప్పందానికి సివిల్ కోర్టు డిక్రీ బలం ఉండదనీ, అది శాంతి కోసమేననీ చట్టమే చెప్పింది. చట్టంలోని అన్ని భాగాలూ ఒకేసారి అమలులోకి రాలేదు. అయినా ఊరి పెద్దల సామరస్య ప్రయత్నానికి పార్లమెంటు విలువ ఇచ్చిందన్నది గమనించదగ్గది.

వరుసగా చేయవలసినవి

మొదట, శవం ముందు వాదన పెట్టరాదు. ఇరుపక్షాల నుంచి ఇద్దరిద్దరిని పక్క ఇంటికి పిలిచి కూర్చోబెట్టాలి. గుంపు చుట్టూ ఉంటే ఎవరూ మెట్టు దిగరు.

రెండవది, ఆస్తి మాటను పక్కన పెట్టించాలి. పాసుపుస్తకాలు, బ్యాంకు పుస్తకం, బంగారం, పత్రాలు ఒక పెట్టెలో పెట్టి, జాబితా రాసి, అందరి సంతకాలు తీసుకొని తాళం వేయాలి. పెట్టె ఒకరి దగ్గర, తాళంచెవి మరొకరి దగ్గర ఉంచాలి. దినాలు అయ్యేవరకు దాన్ని తెరవరాదు. ఇది జరిగితే అనుమానాలు చాలావరకు చల్లబడతాయి.

మూడవది, ఒక్కొక్క పక్షాన్నీ విడిగా అడగాలి. చనిపోయిన మనిషి ఏమి కోరాడు? ఎవరి ఎదుట చెప్పాడు? ఆయన తల్లిదండ్రులను ఎట్లా సాగనంపారు? నీకు దేనికి బాధగా ఉన్నది? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు వింటే అసలు నొప్పి ఎక్కడ ఉందో తెలుస్తుంది. చాలాసార్లు అది కాల్చడం, పూడ్చడం గురించి ఉండదు. జబ్బు సంగతి తనకు చెప్పలేదనో, పెళ్ళికి పిలవలేదనో పాత గాయం బయటపడుతుంది.

నాలుగవది, పనిని పంచాలి. చావింట చేయవలసిన పని ఒక్కటి కాదు. కొరివి ఒకరు పెడితే, కుండ ఒకరు మోయవచ్చు. మట్టి ఒకరు చేస్తే మూడోనాడు, పెద్దదినం మరొకరు జరపవచ్చు. మతాలు వేరైన ఇంట, ఇంటి దగ్గర ఒకరి ప్రార్థన, శ్మశానంలో మరొకరి పద్ధతి జరగవచ్చు. ఈ సీమలో మట్టి చేసే ఇళ్ళే ఎక్కువ కనుక, హిందూ, క్రైస్తవ పక్షాలున్న ఇంట ఖననం ఇద్దరికీ ఒప్పుదలయ్యే అవకాశం ఉన్నది. దహనమే జరిగితే అస్థికలను పంచుకోవచ్చు. ఒకరు తుంగభద్రలో కలిపితే, మరొకరు సొంత ఊళ్ళో పూడ్చి సమాధి కట్టుకోవచ్చు.

అయిదవది, గడువు పెట్టాలి. దూరం నుంచి వచ్చే బిడ్డ కోసం ఫ్రీజర్ పెట్టె తెప్పించి ఇన్ని గంటలు ఆగుతామని ఒప్పుకోవాలి. ఆ గడువు దాటితే ఏం చేయాలన్నది కూడా ముందే అనుకోవాలి.

ఆరవది, కాగితం. ఒక్క పేజీ చాలు. ఎవరు కూర్చున్నారు, ఏమి ఒప్పుకున్నారు, ఖర్చు ఎవరు ఎంత పెట్టారు అని రాయాలి. ఈ కార్యం చేసినందువల్ల ఎవరికీ ఆస్తిలో కొత్త హక్కు రాదనీ, చేయనందువల్ల ఉన్న హక్కు పోదనీ ఒక వాక్యం తప్పక చేర్చాలి. అందరూ సంతకం చేసి, చెరొక నకలు ఉంచుకోవాలి. మరణాన్ని 21 రోజుల లోపల నమోదు చేయించడం ఎవరి బాధ్యతో కూడా అందులోనే రాస్తే, మరణ పత్రం కోసం మళ్ళీ గొడవ రాదు.

దినాలు ముగిసిన తర్వాత ఆస్తి సంగతి తేలకపోతే లోక్ అదాలత్ ఉన్నది. 1987 నాటి న్యాయసేవా సంస్థల చట్టం 1995 నవంబరు 9 నుంచి అమలులో ఉంది. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు. తమ కోర్టు పరిధిలోని మండల న్యాయసేవా కమిటీని గాని, కర్నూలులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను గాని అడగవచ్చు. 15100 నంబరుకు ఫోను చేసినా ఉచితంగా సలహా చెబుతారు.

చేయి పెట్టరాని చోటు

అన్ని చావులకూ మధ్యవర్తిత్వం పనికిరాదు. ఉరి, పురుగుమందు, కాలిన గాయాలు, ప్రమాదం, కొట్లాట వంటి వాటితో ప్రాణం పోయినప్పుడు పోలీసులకు తెలియజేసి తీరాలి. పెళ్ళయిన ఏడేళ్ళలోపు స్త్రీ ఆత్మహత్య చేసుకున్నా, ఆమె మరణంపై అనుమానం ఉన్నా శవపరీక్ష, మేజిస్ట్రేటు విచారణ తప్పనిసరి. అటువంటి చోట పుట్టింటివారికి కొంత డబ్బు ఇప్పించి, తెల్లవారకముందే కాల్చివేయడం రాజీ కాదు, నేరాన్ని కప్పిపుచ్చడం. అందులో కూర్చున్న పెద్దమనుషులు కూడా కేసులో ఇరుక్కుంటారు.

పోలీసు పని ముగిసి శవం ఇచ్చిన తర్వాత కూడా ఇరుపక్షాల మధ్య అనుమానం మిగిలి ఉంటే పూడ్చడమే మేలు. పూడ్చిన శవాన్ని అవసరమైతే మేజిస్ట్రేటు ఉత్తర్వుతో వెలికితీసి మళ్ళీ పరీక్షించవచ్చు. కాల్చిన తర్వాత చేయగలిగింది ఏమీ లేదు.

ఒప్పందం కుదిరిన తర్వాత శ్మశానంలో గొడవ చేయడం తేలిక విషయం కాదు. మనసులు నొప్పించాలనే అంత్యక్రియలకు భంగం కలిగించినా, శవాన్ని అవమానించినా భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. శ్మశానాల నిర్వహణ గ్రామ పంచాయతీ బాధ్యత. ఏ కులానికి, ఏ మతానికి ఎక్కడ చోటన్నది హద్దురాళ్ళు పాతి స్పష్టం చేస్తే, చోటు గురించిన తగవులు సగం తగ్గుతాయి. బస్తర్ కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులలో ఒకరు తన తీర్పులో, క్రైస్తవ శ్మశానాలకు రెండు నెలల్లో హద్దులు గుర్తించాలని ఆ రాష్ట్ర ప్రభుత్వానికి చెప్పడం ఇందుకే.

బతికుండగానే చెప్పాలి

చచ్చినవాని కండ్లు చారెడు అని సామెత. బతికినంతకాలం అడగని తండ్రి మాట, ఆయన పోయాక అందరికీ కావలసి వస్తుంది. తాను పోయాక ఏం చేయాలో పెద్దలు ముందే చెప్పడం అశుభమని చాలామంది నోరు విప్పరు. చెప్పకపోవడం వల్లనే బిడ్డలు తన్నుకుంటారు. ఇంటి పెద్ద ఒక పండుగనాడు బిడ్డలందరూ ఉన్నప్పుడు తన కోరిక చెప్పి, బయటివారిని ఇద్దరిని సాక్షులుగా ఉంచుకుంటే చాలు. రాసి సంతకం పెడితే ఇంకా మంచిది. కేరళ కేసులో హైకోర్టు నమ్మింది ఇద్దరు సాక్షుల మాటనే.

చావింటి తగవు ఆ రోజుతో పోయేది కాదు. ఆనాడు విడిపోయిన అన్నదమ్ములు తర్వాత బిడ్డల పెళ్ళిళ్ళకు కూడా కలవరు. పాలికాపు నుంచి పటేలు దాకా ఏ ఇంటికీ ఇది తప్పింది కాదు. పోరు నష్టం, పొందు లాభం అన్నారు పెద్దలు. గ్రామ పంచాయతీలు, న్యాయసేవా సంస్థలు కలిసి ఊరికి ఇద్దరు ముగ్గురు నమ్మకస్థులకు ఈ పనిలో తర్ఫీదు ఇప్పించవలసి ఉన్నది. అంతవరకు చావు జరిగిన ఇంటికి ముందుగా చేరే ఇరుగుపొరుగువారే ఆ ఒక్క మాటను గట్టిగా చెప్పాలి: ముందు మట్టి, తర్వాతే ఆస్తి.